దరఖాస్తు ఇచ్చాకే అసలు పని: హైదరాబాద్ బస్తీలు, కాలనీ సంఘాలు

హైదరాబాద్‌లో చాలా బస్తీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. కొన్ని గల్లీల్లో మొదటి పది నిమిషాలు వచ్చే నీళ్లు మోరీ వాసన కొడతాయి, రంగు కూడా తేడాగా ఉంటుంది, కాసేపు వాటిని పారబోసి ఆ తర్వాతే బిందెలు పెడతారు. వానాకాలంలో ఆ పది నిమిషాలు కాస్తా ఇరవై అవుతాయి, పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇక ఎవరికి తోచింది వాళ్లు చేసుకుంటారు. డబ్బున్నవాళ్లు ఫిల్టర్ పెట్టించుకుంటారు, లేనివాళ్లు ఇరవై లీటర్ల క్యాన్ కొంటారు, అదీ కుదరకపోతే కాచి తాగుతారు. నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితమనే పథకం 2021 జనవరిలో మొదలైంది, అయినా తాగే నీళ్లు మాత్రం కొనుక్కునే ఇళ్లు ఏ గల్లీలో చూసినా కనిపిస్తాయి.

జనం నోరు మూసుకుని కూర్చుంటారని కాదు. ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తారు, నంబరు వస్తుంది, ఎవరో వచ్చి కాసేపు నీళ్లు వదిలి చూసి వెళ్తారు, సమస్య తీరిందని మెసేజ్ కూడా వస్తుంది, వారం తిరిగేసరికి మళ్లీ అదే వాసన. లేదంటే పైరవీ. లీడర్ దగ్గర తిరిగే మనిషిని పట్టుకుంటే సాయంత్రానికల్లా ట్యాంకర్ వస్తుంది. ఆ పూటకు గండం గడిచినట్టే, కానీ దాంతో పాటే ఒక మొహమాటం కూడా వచ్చి పడుతుంది, ఎన్నికలప్పుడు ఆ మనిషి గడపలోకి వచ్చి గుర్తు చేస్తాడు. హక్కుగా రావాల్సిన నీళ్లు ఒకరి దయగా వచ్చాయి మరి. మన బస్తీల్లో ఓటు బలం తగ్గిపోయేది ఎక్కువగా ఇక్కడే, పోలింగ్ రోజు రాకముందే.

మూడో దారి ఇంకొకటుంది. అది నిదానంగా నడుస్తుంది, ఓపిక కావాలి. అరవై ఇళ్ల గల్లీ ఒకటి ఊహించుకుందాం. పది ఇళ్ల ఆడవాళ్లు పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసుకుని, నల్లా వచ్చిన ప్రతిసారీ తేదీ, టైము, ఇంటి నంబరు, ఎన్ని నిమిషాలు మురికి వచ్చిందీ రాయడం మొదలుపెడతారు. మొదట వచ్చిన నీళ్లు గాజు సీసాలో పట్టి, దాని మీద తేదీ రాసిన కాగితం అంటిస్తారు. మూడు వారాలయ్యాక ఆ నోట్‌బుక్ తిరగేస్తే తెలుస్తుంది, మురికి గల్లీ అంతటా రావట్లేదు, మలుపు దాటిన తర్వాత ఉన్న ఇరవై రెండు ఇళ్లకే వస్తోంది. ఆ మలుపు దగ్గర పాత పైపు మ్యాన్‌హోల్‌ను ఆనుకుని పోతుంది. ఇప్పుడు ఆఫీసులో చెప్పే మాటే మారిపోతుంది. "మా బస్తీలో నీళ్లు మంచిగ వస్తలేవు సార్" అంటే సరే చూద్దామని పంపించేస్తారు. "మలుపు నుంచి చివరి ఇంటి దాకా పైపు మార్చాలి, ఇవి ఇరవై రెండు ఇళ్ల వివరాలు, ఇవి తేదీలు, ఇవి సీసాలు" అని పదిమంది వెళ్లి టేబుల్ మీద పెడితే, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి చూడకుండా, అంచనా వేయకుండా తప్పించుకోవడం కష్టం.

ఇందులో ఇంకో మెలిక ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. నీళ్లు వదిలి వదిలి ఇచ్చే చోట, సరఫరా ఆగిన గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు. పక్కనే డ్రైనేజీ లీకవుతుంటే ఆ మురికి పైపు పగుళ్లలోంచి లోపలికి చేరుతుంది, నల్లా విప్పగానే ముందు బయటికొచ్చేది అదే. దీని మీద, నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగితే పైపులో ఒత్తిడి ఇంకా పడిపోతుంది, మురికి ఇంకా ఎక్కువగా లోపలికి వస్తుంది, చివరి ఇళ్లకు ధార సన్నబడిపోతుంది. ఈ మోటార్లు పెట్టింది ఆఫీసువాళ్లు కాదు, గల్లీ మొదట్లో ఉన్న ఇళ్లవాళ్లే. వాళ్లతో తగువు పెట్టుకుంటే పలకరింపులు పోతాయి, ఊరుకుంటే చివరి ఇంటి పిల్ల ఆసుపత్రి పాలవుతుంది. అందరూ ఒకచోట కూర్చుని, నల్లా వచ్చే గంటసేపు ఎవరూ మోటారు వేయకూడదని తీర్మానం చేసుకుని, ఆ తీర్మానం కింద అందరూ సంతకాలు పెట్టడం ఒక్కటే దీనికి మార్గం. ఆఫీసును లెక్క అడగడం ఎంత ముఖ్యమో, ఒకరికొకరు లెక్క చెప్పుకోవడం కూడా అంతే ముఖ్యం. రెండోది చేతకాని సంఘం మొదటిది కూడా ఎక్కువ రోజులు చేయలేదు.

బస్తీ జనానికి కూడగట్టుకోవడం తెలియదని, బయటి నుంచి ఎవరో వచ్చి నేర్పాలని కొందరు అంటుంటారు. అది శుద్ధ తప్పు. వినాయక చవితికి ఏ గల్లీ అయినా చూడండి. చందా పుస్తకం అచ్చువేస్తారు, ఇంటింటికీ తిరిగి వసూలు చేస్తారు, పోలీసు పర్మిషన్, కరెంటు కనెక్షన్, మైకు, అన్నదానం, నిమజ్జనానికి బండి, ఇదంతా నెల రోజుల్లో జీతం లేని కుర్రాళ్లు చేసేస్తారు, ఖర్చు లెక్క రాసి మండపం దగ్గర అంటించే కమిటీలు కూడా ఉన్నాయి. బోనాలకూ అంతే, పాతబస్తీలో మసీదు కమిటీలకూ అంతే. పదేసి మంది ఆడవాళ్ల పొదుపు సంఘాలైతే వారం వారం, నెల నెలా కూర్చుంటాయి, వాటికి తీర్మానాల పుస్తకం, అప్పుల లెక్క, బ్యాంకు ఖాతా అన్నీ ఉంటాయి. ఇంత శక్తి చేతిలో ఉండి, మోరీ దగ్గరికొచ్చేసరికి ఎవరికి వాళ్లు విడిపోవడమే బాధ కలిగించే సంగతి. కొత్తగా సంఘం పేరు పెట్టి బోర్డు కట్టే కన్నా, ఇప్పటికే కూర్చుంటున్న చోట నీళ్ల సంగతి, చెత్త సంగతి ఎత్తడం తేలిక.

దూబగుంటలో జరిగింది ఇదే కదా. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఆడవాళ్లు రాత్రిబడికి వచ్చింది అక్షరాలు దిద్దుకోవడానికి. అక్కడ కూర్చుని మాట్లాడుకుంటుంటే ఇంటి కూలి డబ్బులన్నీ సారా దుకాణానికే పోతున్నాయన్న మాట పైకి వచ్చింది, రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు, 1992లో అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. మొదలైంది మాత్రం ఒక లాంతరు చుట్టూ కూర్చున్న పదీ పదిహేను మందితో.

హైదరాబాద్‌కు ఈ విషయంలో సొంత చరిత్రే ఉంది, ఈ తరానికి అది పెద్దగా తెలియదు. 1967లో ఇక్కడి మునిసిపల్ కార్పొరేషన్ పట్టణ సామాజికాభివృద్ధి అని ఒక విభాగం మొదలుపెట్టింది. తర్వాత యునిసెఫ్ సాయం కూడా అందింది. అక్కడ పద్ధతి ఏమిటంటే, కార్పొరేషన్ మనుషులు బస్తీకి వెళ్లి ముందు జనంతో కూర్చుంటారు, ఏది ముందు కావాలో బస్తీవాళ్లే చెప్తారు, ఖర్చులోనూ శ్రమలోనూ కొంత వాటా వాళ్లే పెట్టుకుంటారు. బాల్వాడీలు, కుట్టుపని కేంద్రాలు, మహిళా మండళ్లు ఇలాగే వచ్చాయి, తర్వాత సొంతంగా ఇళ్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పుల దాకా నడిచింది. ఇతర దేశాలవాళ్లు వచ్చి చూసి వెళ్లిన పని అది. అందులో లోపాలు లేవని కాదు, కానీ ఇంజనీరు గీసిన గీత కన్నా ముందు బస్తీవాళ్ల మాట వినాలనే అలవాటు మన ఊళ్లోనే, మన కార్పొరేషన్‌లోనే ఒకప్పుడు ఉండేది.

ఇక కాలనీ సంఘాల సంగతి. ఏడుగురు కలిస్తే సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు కాబట్టి నగరంలో వెల్ఫేర్ అసోసియేషన్లకు కొదవ లేదు. పార్కులు కాపాడుకున్నవి, ఖాళీ జాగాలు కబ్జా కాకుండా అడ్డుకున్నవి చాలానే ఉన్నాయి. ఐతే వీటిలో ఎక్కువ భాగం ఇంటి ఓనర్ల సంఘాలే. కిరాయికి ఉండేవాళ్లు మెయింటెనెన్స్ కడతారు, అదే నీళ్లు తాగుతారు, అదే గుంతలో బండి మీద నుంచి పడతారు, మీటింగులో మాత్రం వాళ్లకు కుర్చీ ఉండదు. బతుకుదెరువు కోసం అన్ని జిల్లాల నుంచీ వచ్చి కిరాయి ఇళ్లలో ఉండే ఈ ఊళ్లో వాళ్లను వదిలేస్తే సంఘంలో మిగిలేది సగం కాలనీ కూడా కాదు. వాచ్‌మన్ కుటుంబం, ఇళ్లల్లో పనిచేసే ఆమె, గేటు ముందు కూరగాయల బండి పెట్టుకునే అతను, వీళ్ల గురించి మీటింగులో మాట వచ్చేది ఎక్కువగా ఫిర్యాదు రూపంలోనే. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చినప్పుడు వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని రాశారు. బండివాళ్లకు చట్టం ఇచ్చిన ఈపాటి చోటు, పక్క ఫ్లాట్‌లో కిరాయికి ఉండే కుటుంబానికి కాలనీ సంఘం ఇవ్వలేదా?

మీటింగు టైము కూడా చిన్న విషయమేం కాదు. ఆదివారం పొద్దున పదకొండింటికి పెడితే మగవాళ్లు, రిటైరైనవాళ్లు వస్తారు, వంటింట్లో ఉన్నవాళ్లు రారు, హోటల్లోనో మాల్‌లోనో షిఫ్టులో ఉన్న కుర్రాళ్లు రారు. పొదుపు సంఘం మీటింగు అయిపోయిన వెంటనే అక్కడే ఇంకో అరగంట కూర్చుంటే, నీళ్లు పట్టేవాళ్లు, చెత్త బండికి ఎదురుచూసేవాళ్లు, మోరీ పొంగితే ఎత్తిపోసేవాళ్లు అంతా ఉంటారు. ఎవరి చేతులు తడుస్తున్నాయో వాళ్లకే సమస్య లోతు తెలుస్తుంది.

కాగితం దగ్గరికి వద్దాం, ఎక్కువ పోరాటాలు ఓడిపోయేది ఇక్కడే. అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకుని, ఫొటో దిగి వస్తే అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు పని ఆ రసీదు చేతికొచ్చిన తర్వాతే మొదలవుతుంది. ఆ రోడ్డుకు అంచనా వేశారా, మంజూరైందా, టెండర్ పిలిచారా, పని ఎవరికి వచ్చింది, బిల్లు ఎంత చెల్లించారు, ఒక్కో మెట్టుకూ ఒక్కో కాగితం ఉంటుంది, ఒక్కో మెట్టు దగ్గరా ఫైలు ఆగిపోవచ్చు. 2005 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న సమాచార హక్కు చట్టంతో ఇవన్నీ అడగొచ్చు, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఈ చట్టం కాగితాలకే పరిమితం కాదు, జరుగుతున్న పనిని వెళ్లి తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. ఇంజనీర్లు పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ ఉంటుంది, దాన్నే ఎంబీ అంటారు. దాని నకలు తెచ్చుకుని, టేపు పట్టుకుని నలుగురు వెళ్లి సీసీ రోడ్డు పొడవు, వెడల్పు, అంచు దగ్గర మందం కొలిస్తే చాలు, ఏం వేశారో ఏం రాశారో అక్కడికక్కడే తేలిపోతుంది. ఢిల్లీలోని సుందర్ నగరిలో 2002లో కార్యకర్తలు బస్తీవాళ్ల మధ్య కూర్చుని ఇలాగే కార్పొరేషన్ పనుల లెక్కలు బహిరంగంగా చదివారు, కాగితం మీద ఉన్నవి నేల మీద లేవని జనమే లేచి చెప్పారు. మన దగ్గర ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు 2006 నుంచే పల్లెల్లో నడిచాయి, ఊరి మధ్య కూలీల ముందే మస్టర్లు, అంటే హాజరు పట్టీలు చదివేవారు. పల్లెలో సాధ్యమైంది వార్డులో ఎందుకు కాకూడదో అర్థం కాదు.

వార్డు స్థాయిలో జనం కూర్చోవడానికి చట్టంలో చోటు లేదా అంటే, ఉంది. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలకు పైబడిన జనాభా ఉన్న ప్రతి పట్టణంలో వార్డు కమిటీలు ఉండాలంది. 2008లో ఏరియా సభలు కూడా చట్టంలోకి వచ్చాయి. 2020 అక్టోబర్‌లో జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ మహానగర కార్పొరేషన్) చట్టాన్ని సవరించినప్పుడు యువకులు, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖ పౌరులతో వార్డుకు నాలుగు కమిటీలన్నారు, కార్పొరేటర్ సీట్లలో సగం ఆడవాళ్లకు కేటాయించారు. సీట్ల మాట అమలైంది. కమిటీల మాట ఎలా ఉందో తెలియాలంటే మీ గల్లీలో పదిమందిని ఆపి, వార్డు కమిటీ ఎక్కడ కూర్చుంటుందని అడిగి చూడండి.

ఎన్నికైన పాలకమండలి కూడా మనకు ఎప్పుడూ ఉన్నది కాదు. 1991 తర్వాత పదేళ్లకు పైగా, అంటే 2002 దాకా హైదరాబాద్‌కు ఎన్నికైన కార్పొరేషన్ లేదు, ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. 2007 ఏప్రిల్‌లో 12 మునిసిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశాక రెండున్నరేళ్లకు, 2009 నవంబర్‌లో ఎన్నికలు పెట్టారు. 2014 డిసెంబర్‌లో గడువు తీరితే మళ్లీ 2016 ఫిబ్రవరిలో. జరిగినప్పుడైనా ఓటేసింది ఎంతమంది? 2009లో 42 శాతం, 2016లో 45, 2020లో 46 శాతం చిల్లర. జనం సోమరులని తిట్టడం సులువు, కానీ ఐదేళ్లకోసారి ఒక ఓటు వేయడం తప్ప మిగతా రోజుల్లో వార్డులో తన మాటకు చోటే లేదని తెలిసిన మనిషికి ఆ రోజు క్యూలో నిలబడాలని ఎందుకనిపిస్తుంది? బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989 నుంచి జనం వాడలవారీగా కూర్చుని బడ్జెట్‌లో ఏ పని ముందో తేల్చారు, కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలైంది, పుణె కార్పొరేషన్ 2006 నుంచి తమ ప్రాంతానికి ఏ పని కావాలో పౌరుల నుంచి రాతపూర్వకంగా తీసుకుంటోంది. మన నగరంలో ఇలాంటిదేదీ స్థిరపడలేదు.

నాలాల విషయం చూస్తే, గల్లీ సంఘం ఒక్కటే ఉంటే సరిపోదని అర్థమవుతుంది. ఈ ఊరి చెరువులు గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండితే అలుగు పారి కింద చెరువుకు, అక్కడి నుంచి నాలాలో పడి మూసీకి చేరాలి. పై చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలవాల్సిన జాగాలో, వెంచర్ వేస్తే మునిగేది కింది బస్తీ. 2020 అక్టోబర్ 13న వాన దంచికొట్టినప్పుడు, ఆ వారంలోనే గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ మునిగినప్పుడు, ఊరంతా ఇది కళ్లారా చూసింది. ఇంటికి పది వేల రూపాయల సాయం ప్రకటించారు. మీసేవ ముందు ముసలీ ముతకా తెల్లవారక ముందే బారులు కట్టారు, మాకు రాలేదంటే మాకు రాలేదని గొడవలు, వానకు ఇళ్లు పోగొట్టుకున్న ఇరుగుపొరుగులే జాబితాలో పేరు కోసం ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. నాలా ఎక్కడ కుంచించుకుపోయింది, ఎవరి గోడ అడ్డం వచ్చింది అని అందరూ కలిసి నడిచి చూడాల్సిన వారాలు ఆ క్యూలోనే గడిచిపోయాయి. పైన ఉన్న కాలనీ సంఘం తమ వీధిలో నీళ్లు నిలవకూడదని డ్రెయిన్ పెద్దది చేయమంటుంది, కింద ఉన్న బస్తీ తమ మీదికి నీళ్లు వదలొద్దంటుంది, ఇద్దరూ ఒకే నాలా గురించి వేర్వేరు ఆఫీసుల్లో ఒకరికొకరు అడ్డం తగిలే దరఖాస్తులు ఇస్తారు. వాళ్లిద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టగలిగితే అప్పుడు అడగాల్సింది అర్థమవుతుంది, నాలాకు దాని అసలు వెడల్పు, అడ్డుగా ఉన్న పేదల ఇళ్లు తీయాల్సి వస్తే ముందు వాళ్లకు ఇల్లు. ఈ రెండో మాట లేకుండా మొదటి మాట అడిగే సంఘానికి బస్తీ ఎప్పటికీ తోడు రాదు, రాకూడదు కూడా. 2024లో మూసీ ఒడ్డున తీసేయాల్సిన ఇళ్లని గోడల మీద అధికారులు గుర్తులు వేసినప్పుడు ఆ ఇళ్లలో పడిన టెన్షన్ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కేబీఆర్ పార్కు చుట్టూ చెట్ల కోసం 2016లో జనం చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు, సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల చెట్ల కోసం 2025లో విద్యార్థులు దెబ్బలు తిని నిలబడ్డారు, సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న అక్కడి పనులు ఆపమంది. ఇవి గొప్ప సంగతులే. కాకపోతే బుల్డోజర్ వచ్చిన రోజున పోగయ్యే జనం, రాకముందే వార్డు మ్యాపు తెప్పించుకుని చూసే జనం కూడా అయితే సగం చెట్లు ముందే మిగిలేవి.

సంఘాలు చెడిపోయే తీరు కూడా దాచక్కర్లేదు. అధ్యక్షుడు పదేళ్లు అదే కుర్చీలో ఉంటాడు, ఆఫీసులో అందరూ తెలిసినవాళ్లవుతారు, మెల్లగా పని చేయించే మనిషి కాస్తా పని ఇప్పించే మనిషి అవుతాడు, తర్వాతి ఎన్నికల్లో కండువా కప్పుకుంటాడు. కండువా కప్పుకోవడం నేరమేం కాదు, ఎవరి రాజకీయం వాళ్ల హక్కు, కానీ ఆ రోజే సంఘం పుస్తకాలు ఇంకొకరి చేతికి రావాలి. ఆఫీసుకు ఎప్పుడూ ఒక్కరే వెళ్లకూడదు, ప్రతిసారీ కనీసం ముగ్గురు, అందులో ఒకరు కొత్తవాళ్లు ఉండాలి, అక్కడ ఏం మాట్లాడారో ఆ రాత్రే అందరికీ చెప్పాలి. చందా రూపాయైనా సరే నెల నెలా మీటింగులో పైకి చదవాలి. వాట్సాప్ గ్రూపు సమాచారానికి బాగానే పనికొస్తుంది, నిర్ణయానికి పనికిరాదు, ఎందుకంటే గ్రూపులో మాట్లాడని అవ్వ మీటింగులో నోరు తెరిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

మళ్లీ ఆ అరవై ఇళ్ల గల్లీకి వస్తే, పైపు మార్చారనుకుందాం. సంతోషంతో స్వీట్లు పంచుకుని అక్కడితో ఆపేసే సంఘాలే ఎక్కువ. ఆ నోట్‌బుక్ ఇంకో రెండు నెలలు రాయాలి, వాన పడ్డ రోజున మరీ జాగ్రత్తగా రాయాలి, తవ్విన రోడ్డు పూడ్చారో లేదో, ఎంబీలో ఎన్ని మీటర్లు రాశారో చూడాలి. వెనక పేజీల్లో వీధి దీపం ఏ స్తంభానిది ఎప్పుడు పోయింది, చెత్త ఆటో ఏ రోజు రాలేదు అని కొత్త గడులు గీసుకోవచ్చు. వార్డు ఎన్నికలు వచ్చి, పార్టీలవాళ్లు దండలు వేసుకుని గల్లీలోకి వచ్చిన రోజున కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లు ఆ నల్లావే ఇచ్చి, ఆ నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి వాళ్ల ముందే చదవాలి.